జెల్ కొనే ముందు అడగవలసింది: ఇది దేనికి కరుగుతుంది?

బూడిద గుమ్మడికాయ ముక్కలను పాకంలో వేసే ముందు సున్నపు తేటలో నానబెట్టడం మిఠాయి చేసేవారికి పాత అలవాటు. నానని ముక్క పాకంలో ఉడికి ముద్దవుతుంది. నానిన ముక్క మెరుస్తూ, కొరికితే కరకరమంటుంది. ఆగ్రా పేఠా గట్టిదనం వెనక ఉన్నది ఇదే. గుమ్మడికాయ కణగోడల్లో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. సున్నపు తేటలో కాల్షియం అయాన్లు ఉంటాయి. ఒక్కో కాల్షియం అయాన్ అటొక పెక్టిన్ గొలుసును, ఇటొక గొలుసును పట్టుకుని ముడివేస్తుంది. మొక్కలోని పదార్థం, లోహపు అయాన్, మధ్యలో నీరు: మనం మాట్లాడుకోబోయే జెల్‌లన్నీ ఈ మూడింటి కలయికే.

నేను డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెబుతాను. ప్రాజెక్టుల కాలం రాగానే ఈ జెల్‌ల గురించి ప్రశ్నలు మొదలవుతాయి. ఈ మధ్య విద్యార్థులతో పాటు ఇంట్లో మిఠాయిలు చేసి అమ్మేవారు, చక్కెర తక్కువ జామ్ చేయాలనుకునేవారు కూడా అడుగుతున్నారు. అందరి ప్రశ్న ఒకటే: "వీటిలో ఏది గట్టిది?"

ఆ ప్రశ్నతో మొదలుపెడితే డబ్బు వృథా. గట్టిదనం మోతాదును బట్టి మారిపోతుంది. చెంచా పొడి ఎక్కువ వేస్తే మెత్తనిది గట్టిదవుతుంది, తగ్గిస్తే గట్టిది జావ అవుతుంది. ఎంత మోతాదు వేసినా మారనిది ఒకటుంది. ఆ ముడి దేనికి విడిపోతుంది? వేడికా, పులుపుకా, ఉప్పుకా, లోహాన్ని లాగేసుకునే మరో రసాయనానికా? మీ వంటకమో ప్రయోగమో వీటిలో దేన్ని ఎదుర్కోబోతోందో ముందు చూసుకోండి. ఎంపిక సగం అక్కడే తేలిపోతుంది.

పోటీలో ఉన్నవి ఐదు జంటలు: ఆల్జినేట్–కాల్షియం, క్యారజీనన్–పొటాషియం, పెక్టిన్–కాల్షియం, గోరుచిక్కుడు జిగురు–బోరాన్, టానిన్ (మొక్కల్లోని వగరు పదార్థం)–లోహం. అన్నిటికీ సమానంగా స్థలం ఇవ్వబోవడం లేదు. ఎక్కువ మందికి పనికొచ్చేది మొదటిది, ఎక్కువ మంది తప్పు చేసేదీ దానితోనే.

ఆల్జినేట్, కాల్షియం: చల్లగానే బిగిసే జంట

ఆల్జినేట్ గోధుమరంగు సముద్రపు నాచుల నుంచి వస్తుంది. (నేటి వృక్షశాస్త్రం ఈ నాచులను మొక్కల్లో లెక్కపెట్టదు. వంటింటికి ఆ పట్టింపు లేదు కాబట్టి ముందుకు పోదాం.) 1881లో స్టాన్‌ఫర్డ్ అనే బ్రిటిష్ రసాయనవేత్త దీన్ని నాచు నుంచి వేరుచేసి పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో తమిళనాడు తీరంలోని మన్నారు సింధుశాఖలో సర్గాసమ్, టర్బినేరియా నాచులను దీని కోసమే సేకరిస్తారు.

ఆల్జినేట్ గొలుసులో రెండు రకాల చక్కెర ఆమ్లాలు వరుసకట్టి ఉంటాయి: గులురోనిక్, మాన్యురోనిక్. గులురోనిక్ వరుసగా వచ్చిన చోట గొలుసు మెలికలు తిరిగి గుంటలు ఏర్పడతాయి. రెండు గొలుసులు ఎదురెదురుగా వస్తే ఆ గుంటల్లో కాల్షియం అయాన్లు సరిగ్గా కూర్చుంటాయి. 1973లో ఈ అమరికకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు గుడ్లపెట్టె నమూనా. కిరాణా కొట్టులో గుడ్లు పేర్చే అట్టను తలుచుకుంటే బొమ్మ కళ్లకు కట్టినట్టే. గులురోనిక్ ఎక్కువున్న రకం గట్టిగా, పెళుసుగా బిగుస్తుంది. మాన్యురోనిక్ ఎక్కువున్నది మెత్తగా, సాగుతూ ఉంటుంది. అమ్మేవారిని అడిగితే ఏ రకమో చెప్పగలగాలి, చెప్పలేకపోతే వంటకు ఫరవాలేదు గాని ప్రయోగానికి కొనవద్దు.

దీని గొప్పతనం రెండు మాటల్లో చెప్పవచ్చు. బిగియడానికి వేడి అక్కర్లేదు. ఒకసారి బిగిశాక వేడికి కరగదు. బేకరీల్లో పొయ్యిలో పెట్టినా కారిపోని పండ్ల పూరకాలకు, సీసాలో అమ్మే ఆలివ్ కాయల మధ్య దూర్చే ఎర్రటి మిరప పట్టీలకు దీన్ని వాడేది అందుకే. బతికి ఉన్న వాటిని లోపల బంధించడానికీ ఇదే మేలు. ఈస్టు కణాలు, ఎంజైములు, కణజాలవర్ధనంలో పెంచిన మొక్కల పిండాలు వేడి తగిలితే చచ్చిపోతాయి. చల్లటి ఆల్జినేట్ చుక్కలో పెట్టి కాల్షియం నీటిలో వేస్తే హాయిగా బతుకుతాయి. కృత్రిమ విత్తనాలు (ఇలా చుక్కలో పెట్టిన మొక్క పిండాలు) చేసే విద్యార్థులు సాధారణంగా 3 శాతం ఆల్జినేట్, లీటరుకు 11 గ్రాముల కాల్షియం క్లోరైడ్ (నీరు లేని లవణం లెక్క) దగ్గర మొదలుపెడతారు. వంటకు ఇంత అక్కర్లేదు. అర శాతం ఆల్జినేట్, అర నుంచి ఒక శాతం కాల్షియం నీరు చాలు.

ఇక దీని శత్రువులు. మొదటిది కఠినజలం. ఒక ఏడాది మా విద్యార్థులు బోరు నీటిలో ఆల్జినేట్ కలిపారు. కాల్షియం తొట్టిలో చుక్కలు వేయకముందే గిన్నెలో దారాలు, తొనలు కట్టింది. "పొడి కల్తీ" అని అమ్మినవారి మీద కోప్పడ్డారు. తప్పు పొడిది కాదు, నీటిలో అప్పటికే ఉన్న కాల్షియానిది. తాగునీటికి భారత ప్రమాణం కఠినతను లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంచమంటుంది, వేరే నీటి వనరు లేకపోతే 600 వరకు ఒప్పుకుంటుంది. తాగడానికి చెల్లే ఆ పైహద్దు నీరు ఆల్జినేట్‌కు చెల్లదు. స్వేదనజలం వాడండి, లేదా శుద్ధియంత్రం నుంచి వచ్చే నీరు.

రెండో శత్రువు పులుపు. ద్రవం పీహెచ్ (పులుపు కొలమానం, పులుపు పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది) 3.5 చుట్టుపక్కలకు దిగితే ఆల్జినేట్ ఆమ్లంగా మారి అక్కడే ముద్దకడుతుంది. నిమ్మరసం, చింతపండు రసం, పచ్చిమామిడి పానకం ఈ పరీక్షలో తప్పుతాయి. సోడియం సిట్రేట్ కలిపి పులుపు తగ్గించమని కొందరు చెబుతారు. తగ్గుతుంది, నిజమే. కాని సిట్రేట్‌కు కాల్షియాన్ని లాగేసుకునే గుణం కూడా ఉంది. ఎక్కువైతే జెల్ బిగియదు. అంతకంటే పాత్రలు తారుమారు చేయడం తెలివైన పని. పులుపు రసంలో కాల్షియం లాక్టేట్ కలిపి, ఆ రసాన్ని ఆల్జినేట్ తొట్టిలో వదలండి. పొర బయట కట్టుకుంటుంది, లోపలి రసం రసంగానే ఉంటుంది. పెరుగు, పాలు లాంటి కాల్షియం ఉన్న వాటికీ ఇదే దారి. మొదటి పద్ధతిలో, అంటే ఆల్జినేట్ కలిపిన రసాన్ని కాల్షియం నీటిలో చుక్కలుగా వేసి, చేసిన ముత్యాలకు ఇంకో చిక్కుంది. కాల్షియం లోపలికి పాకుతూనే ఉంటుంది కాబట్టి కాసేపటికి ముత్యం మధ్య దాకా గట్టిపడుతుంది. అతిథులు వచ్చాక చేయాలే తప్ప పొద్దున్నే చేసి పెట్టుకోవడం కుదరదు.

మూడో శత్రువు ఉప్పు. గాఢమైన ఉప్పునీటిలో సోడియం అయాన్లు కాల్షియాన్ని మెల్లగా తోసేస్తాయి, ముత్యం ఉబ్బి మెత్తబడుతుంది. ఊరగాయలో ఆల్జినేట్ ముత్యాలు వేద్దామన్న ఆలోచన ఒకాయన నా దగ్గరకు తెచ్చాడు. వద్దన్నాను. అయితే ఇదే లోపం ఆసుపత్రిలో గుణం. కాల్షియం ఆల్జినేట్ నారతో చేసిన గాయపు పట్టీ, గాయం నుంచి ఊరే ద్రవంలోని సోడియాన్ని తీసుకుని జెల్‌గా మారుతుంది. దాంతో పట్టీ పుండుకు అతుక్కోకుండా తడిగా ఉండి, తీసేటప్పుడు బాధ తక్కువగా ఉంటుంది.

కాల్షియం లవణాల్లోనూ ఎంపిక ఉంది. క్లోరైడ్ చవక, కాని చేదు. ముత్యాలను మంచినీటిలో కడగకపోతే నాలుక పట్టేస్తుంది. లాక్టేట్ రుచిని చెడగొట్టదు. దుకాణంలో దొరికే కాల్షియం క్లోరైడ్ స్ఫటికాల్లో బరువులో సుమారు 27 శాతం కాల్షియం ఉంటే, లాక్టేట్‌లో 13 శాతమే. అంటే అదే పనికి లాక్టేట్ రెట్టింపు కావాలి. తినేదైతే ఆ ఖర్చు పెట్టండి. ప్రయోగశాలకు క్లోరైడ్ చాలు.

క్యారజీనన్, పొటాషియం: వేడిచేస్తే మళ్లీ మొదటికి

ఇది ఎర్ర నాచుల సరుకు. రామనాథపురం తీరంలో తాళ్లకు, తెప్పలకు కట్టి పెంచే కప్పాఫైకస్ అనే నాచును వ్యాపారులు కోటోని అంటారు. దాన్నుంచి వచ్చేది కప్పా క్యారజీనన్. ఈ పేరుతో మూడు రకాలు అమ్ముతారు, కొనేవారు తడబడేది అక్కడే. కప్పాకు పొటాషియం కలిస్తే గట్టిగా, విరిగిపోయే జెల్ వస్తుంది. అయోటాకు కాల్షియం కలిస్తే మెత్తగా, సాగే జెల్ వస్తుంది. లాంబ్డా చిక్కదనం ఇస్తుంది తప్ప బిగియదు. పొట్లం మీద రకం రాయకుండా క్యారజీనన్ అని మాత్రమే ఉంటే అది జూదం.

పొడిని కనీసం 70–80 డిగ్రీల వేడిలో కరిగించాలి, చల్లారేటప్పుడు బిగుస్తుంది. మళ్లీ వేడిచేస్తే కరుగుతుంది. బిగిసిన వేడి కంటే కరిగే వేడి పది, ఇరవై డిగ్రీలు ఎక్కువ. అందుకే ఎండాకాలంలో మన ఊళ్లలో బల్ల మీద పెట్టినా, మోతాదు సరిగ్గా ఉంటే, కారిపోదు. జంతువుల ఎముకల నుంచి వచ్చే జెలటిన్ మే నెలలో ఎలా నీరవుతుందో చూసినవారికి ఈ మాట విలువ తెలుస్తుంది. శాకాహారులకు ఇంకా నచ్చుతుంది.

పాలతో దీనికి ప్రత్యేక స్నేహం. పాలలోని కేసీన్‌తో కప్పా అల్లుకుపోతుంది కాబట్టి నీటికి కావలసిన దానికంటే చాలా తక్కువ వేస్తే సరిపోతుంది. చాక్లెట్ పాలలో కోకో అడుగుకు దిగకుండా ఆపేందుకు వేసేది వందో వంతు శాతాల్లోనే. పాల మిఠాయి చేసేవారు ఆల్జినేట్ వైపు చూడకుండా నేరుగా ఇక్కడికి రావాలి. పులుపు రసాన్ని మాత్రం ఇందులో వేసి మరిగించవద్దు, గొలుసులు తెగిపోతాయి. బాగా కాగిన జెల్‌ను దించాక, చివరలో పులుపు కలపడం పద్ధతి. ఇంకో లోపం, కప్పా జెల్ నిల్వలో చెమట పడుతుంది, అంటే నీరు కారుతుంది. ఖరోబు గింజల జిగురు కాస్త కలిపితే అది తగ్గుతుంది.

ఇక్కడ ఒక మాట. లోహంతో పనేమీ లేకుండా బిగిసే నాచు పదార్థం మీ పక్క కొట్టులోనే చైనా గ్రాస్ పేరుతో ఉంటుంది. అది అగర్. మీకు కావలసింది వేడికి కరిగి చల్లారితే బిగిసే శాకాహార జెల్లీ మాత్రమే అయితే ఈ వ్యాసం ఇక్కడ ఆపి దాన్ని కొనుక్కోవచ్చు.

పెక్టిన్: ఒకే పేరుతో రెండు వేర్వేరు సరుకులు

పెక్టిన్‌కు ఆ పేరు పెట్టింది ఫ్రెంచి రసాయనవేత్త బ్రకోనో, 1825లో. పుల్లని పండ్ల తొక్కలు, ఆపిల్ పిప్పి దీనికి ముడిసరుకు. దుకాణంలో రకం చెప్పకుండా పెక్టిన్ అడిగితే చాలాసార్లు వచ్చేది అధిక మిథాక్సిల్ రకం. దానికి లోహంతో పని లేదు. చక్కెర 55 శాతం దాటాలి, పులుపు ఉండాలి, అప్పుడే బిగుస్తుంది. అల్ప మిథాక్సిల్ రకం వేరు. దానికి చక్కెర అక్కర్లేదు, కాల్షియం కావాలి. చక్కెర తక్కువ జామ్ చేయాలని మొదటి రకం కొని, బిగియక, మళ్లీ మళ్లీ ఉడికించి మాడ్చినవారిని ఎందరినో చూశాను. పొట్లం మీద "అల్ప మిథాక్సిల్" లేదా "ఎల్ఎం" అని ఉందో లేదో చూడండి. "అమిడేటెడ్" అని కూడా ఉంటే ఇంకా మంచిది. కాల్షియం కాస్త అటూ ఇటూ అయినా ఆ రకం తట్టుకుంటుంది. మామూలు అల్ప మిథాక్సిల్ రకం కాల్షియం ఎక్కువైతే గరుకు గరుకుగా పలుకులు కట్టి నీరు వదులుతుంది.

ఆల్జినేట్‌తో పోలిస్తే దీని పులుపు సహనం చాలా ఎక్కువ. పండ్ల రసాలకు ఇది సహజ చుట్టం. జామపండులో పెక్టిన్ సొంతంగా ఎక్కువ కాబట్టి జామ జెల్లీకి కొన్నది కొంచెమే చాలు. వేడిచేస్తే ఇది మళ్లీ మెత్తబడుతుంది. కాబట్టి బేకరీ పొయ్యిలోకి వెళ్లే పూరకానికి ఆల్జినేటే నయం, రొట్టె మీద రాసుకునే దానికి పెక్టిన్.

కాని చక్కెర తగ్గించిన జామ్ గురించి అమ్మేవారు చెప్పని విషయం ఒకటి చెప్పాలి. మామూలు జామ్ నెలల తరబడి నిలిచేది జెల్ వల్ల కాదు, చక్కెర వల్ల. చక్కెర తీసేస్తే కాల్షియం ఎంత బాగా బిగించినా బూజు ఆగదు. ఫ్రిజ్‌లో పెట్టి, త్వరగా తినేయాలి. చిన్న సీసాల్లో చేసుకోండి.

గోరుచిక్కుడు, వెలిగారం: తినకూడని వినోదం

గోరుచిక్కుడు మనకు కూర. రాజస్థాన్ రైతుకు గింజ. ఆ గింజ లోపలి తెల్లని భాగాన్ని మర పట్టిస్తే వచ్చేది గ్వార్ జిగురు. ప్రపంచంలో దీనికి ప్రధాన ఉత్పత్తిదారు మన దేశమే. 2012లో అమెరికాలో రాతి పొరలను నీటి ఒత్తిడితో పగలగొట్టి గ్యాసు, చమురు తీసే పని ఊపందుకున్నప్పుడు ఈ జిగురు ధర ఆకాశానికంటింది. బావిలోకి ఇసుకను మోసుకుపోయే చిక్కటి జెల్ దీనితోనే చేస్తారు. గొలుసులను ముడివేసేది బోరేట్, అంటే వెలిగారంలో ఉండే బోరాన్ అయాన్. బాగా లోతైన, వేడి బావుల్లో ఆ ముడి నిలవదు కాబట్టి అక్కడ జిర్కోనియం, టైటానియం లవణాలు వాడతారు.

బోరాన్ లోహం కాదు, ఉపలోహం. అయినా దీన్ని ఈ జాబితాలో ఉంచాను, ఎందుకంటే ముడి తెగి మళ్లీ పడటం ఏమిటో పిల్లలకు చూపించడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు. గ్వార్ నీటిలో వెలిగారం నీళ్లు కొన్ని చుక్కలు కలిపితే సాగే ముద్ద వస్తుంది. రెండుగా కోసి పక్కపక్కన పెడితే కాసేపటికి అతుక్కుంటుంది. వెనిగర్ వేస్తే జావ అవుతుంది. వంటసోడా వేస్తే మళ్లీ చిక్కబడటం మొదలవుతుంది. క్షార గుణం ఉన్నంతసేపే ఈ ముడి నిలుస్తుంది.

తినడానికి మాత్రం కాదు. వెలిగారం ఆహారంలో వాడకూడదు. పిల్లలు చేతులు కడుక్కోవాలి, ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి రాకూడదు. గ్వార్ జిగురు ఒక్కటే అయితే ఐస్‌క్రీముల్లో వేసేదే, హాని లేదు. అది పోటీలో ఉన్నవాటిలో చవక కూడా.

టానిన్లు: మన చేతిరాత వెనక ఉన్న కెమిస్ట్రీ

ఈ జంటను వంటకు సిఫార్సు చేయను, ముందే చెప్పేస్తున్నాను. అయినా ఎక్కువ సేపు దీని దగ్గర ఆగబుద్ధవుతుంది.

శ్రీకాళహస్తిలో కలంకారీ గీసేవారు ముందుగా గుడ్డను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలను బెల్లం నీటిలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన ద్రావణంలో కలాన్ని ముంచి ఆ గుడ్డ మీద గీస్తారు. గీత పడగానే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్, ద్రావణంలోని ఇనుము గుడ్డ నారలోనే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఎరుపు కావలసిన చోట పటికలోని అల్యూమినియం ఆ మధ్యవర్తి పని చేస్తుంది. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకకుండా ఆపుతుంది. యూరప్‌లో శతాబ్దాల పాటు దస్తావేజులు రాసిన సిరా కూడా మాచికాయ, అన్నభేది (ఇనుప లవణం) కలిపి చేసినదే. ఇనుము మాత్రలు టీతో వేసుకోవద్దని వైద్యులు చెప్పేదీ ఈ పట్టు వల్లనే. టీలోని టానిన్లు కడుపులో ఇనుమును కట్టిపడేస్తాయి.

2013లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ కరూసో బృందం టానిక్ ఆమ్లం, ఇనుము అయాన్లు నీటిలో కలిపితే ఏ వస్తువు మీదైనా క్షణాల్లో పలుచని పొర కడుతుందని చూపింది. 2016లో అదే బృందం ఇనుము బదులు టైటానియం, జిర్కోనియం లాంటి నాలుగో గ్రూపు లోహాలతో కలిపి నిజమైన జెల్ తయారుచేసింది. తేడా గమనించండి. ఇనుముతో పొర, లేదా నల్లటి మడ్డి. టైటానియంతో జెల్. మా విద్యార్థి ఒకడు ఇది చదవకుండా మాచికాయ కషాయంలో అన్నభేది కలిపి, గడ్డకడుతుందని రెండు రోజులు కాచుకుని కూర్చున్నాడు. అతనికి దొరికింది సిరా. దాంతోనే తన రికార్డు రాయమన్నాను.

కాబట్టి ఈ జంటలో ఎంపిక మీ పనిని బట్టి ఉంటుంది. వస్తువు మీద పూత కావాలంటే ఇనుము తీసుకోండి, సులువు, చవక. ఆమ్లత మారితే రంగు కూడా మారుతుంది: ఆమ్లం వైపు నీలం, మధ్యలో ఊదా, క్షారం వైపు ఎరుపు. ఒక్కో ఇనుము అయాన్‌ను ఒకటి, రెండు, మూడు టానిన్ చేతులు పట్టుకోవడమే ఆ రంగుల లెక్క. డిగ్రీ ప్రాజెక్టుకు ఈ ఒక్క రంగుల వరస చాలు, మార్కులు వస్తాయి. జెల్‌నే కావాలంటే టైటానియం లవణం దొరికే ప్రయోగశాల, చూసుకునే అధ్యాపకుడు ఉండాలి. ఇంట్లో వద్దు.

లోహాన్ని మార్చి చూడాలనుకునేవారికి

ఆల్జినేట్‌లో కాల్షియం బదులు వేరే లోహం వేయవచ్చు. సీసం, రాగి, బేరియం అయాన్లను ఆల్జినేట్ కాల్షియం కంటే గట్టిగా పట్టుకుంటుంది. మైలుతుత్తం (రాగి లవణం) నీటిలో చుక్కలు వేస్తే అందమైన నీలి ముత్యాలు వస్తాయి. చూడటానికే, తినడానికి కాదు. బేరియం ముత్యాలు చాలా దృఢం, కాని కరిగే బేరియం లవణాలు విషం కాబట్టి విద్యార్థుల చేతికి ఇవ్వను. సీసం సంగతి చెప్పనక్కర్లేదు.

ఈ పట్టును తిరగేసి వాడుకోవడమే మురికి నీటి నుంచి భారలోహాలను తీసే పరిశోధనల్లో ఉన్న ఆలోచన. అల్యూమినియం, జిర్కోనియం, లాంథనం అయాన్లతో చేసిన ఆల్జినేట్ ముత్యాలను ఫ్లోరైడ్ తీసేందుకూ పరీక్షించారు. నల్లగొండ జిల్లా పేరు వినగానే ఈ ప్రాజెక్టు ఎంచుకునే విద్యార్థులు ఏటా ఉంటారు, మంచిదే. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను దింపే పద్ధతికే నల్లగొండ పద్ధతి అని పేరు కదా. ప్రయోగంగా చేయండి. ఆ నీటిని మాత్రం ఎవరికీ తాగించవద్దు. ముత్యంలో నుంచి అల్యూమినియం ఎంత బయటికి వస్తోందో కొలవకుండా "శుద్ధి అయింది" అనకూడదు.

మరి మీరేం కొనాలి?

అతిథులకు మామిడి ముత్యాలు వడ్డించాలంటే, పండిన బంగినపల్లి రసమైతే మామూలు ఆల్జినేట్ పద్ధతి చాలు. పచ్చిమామిడి అయితే తారుమారు పద్ధతి. ముందు రోజే చేసి పెట్టుకోవాలన్నా తారుమారు పద్ధతే. పాలతో చేసే తీపి పదార్థానికి కప్పా క్యారజీనన్, నోట్లో మెత్తగా జారాలంటే అయోటా. చక్కెర తక్కువ జామ్‌కు అమిడేటెడ్ అల్ప మిథాక్సిల్ పెక్టిన్, వేరే ఆలోచన వద్దు. కణాలో ఎంజైములో బంధించాలంటే ఆల్జినేట్, తర్వాత వాటిని విడిపించాలన్నా అదే, ఎందుకంటే సోడియం సిట్రేట్ నీటిలో వేస్తే ముత్యం కరిగి లోపలివి బయటికి వస్తాయి. ఈ వీలు మిగతా వాటిలో ఇంత సులువుగా లేదు. అయితే మీ పోషక ద్రవంలో ఫాస్ఫేట్ ఎక్కువగా ఉంటే అది కూడా కాల్షియాన్ని లాగి, మీరు విడిపించకముందే ముత్యాలను కరిగిస్తుంది. ఈస్టు ముత్యాలు వారం తిరిగేసరికి మాయమయ్యాయని వచ్చేవారిలో సగం మంది కథ ఇదే.

ఆరో తరగతి పిల్లలకు చూపించాలంటే గ్వార్, వెలిగారం కాకుండా ఆల్జినేట్ ముత్యాలే చేయించండి. గ్వార్ ముద్దే వారికి ఎక్కువ నచ్చుతుంది, నాకు తెలుసు. కాని ఆ వయసులో చేయి నోట్లోకి వెళ్లకుండా ఎవరు చూస్తారు?

కొనేటప్పుడు ఆహారపు పొట్లాల మీద ఐఎన్‌ఎస్ సంఖ్య (ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య) చూడండి: సోడియం ఆల్జినేట్ 401, అగర్ 406, క్యారజీనన్ 407, గ్వార్ 412, పెక్టిన్ 440, కాల్షియం లాక్టేట్ 327, పొటాషియం క్లోరైడ్ 508, కాల్షియం క్లోరైడ్ 509. దంతవైద్యులు అచ్చు తీయడానికి వాడే ఆల్జినేట్ పొడి చౌకగా కనిపిస్తే మోసపోకండి. అందులో కాల్షియం సల్ఫేటు, మట్టిలాంటి పూరకం, మరికొన్ని లవణాలు ముందే కలిపి ఉంటాయి. నీరు తగలగానే గట్టిపడేందుకే అది చేసినది, తినడానికి కాదు. బట్టల అద్దకం కోసం అమ్మే ఆల్జినేట్ కూడా వంటకు పనికిరాదు.

మొదటిసారి 50 గ్రాములకు మించి కొనవద్దు. ఇంటికి తెచ్చాక ఒక గ్లాసులో మీ కుళాయి నీరు, ఇంకో గ్లాసులో స్వేదనజలం తీసుకుని, రెండింటిలో చిటికెడు ఆల్జినేట్ వేసి గిలకొట్టండి. పొడిని నేరుగా నీటిలో పోస్తే ఉండలు కడుతుంది, కాస్త పంచదారతో కలిపి చల్లితే కట్టదు. ఒక రాత్రి వదిలేయండి, బుడగలు పోతాయి. తెల్లారి కుళాయి నీటి గ్లాసులో దారాలు కనిపిస్తే మీ సంగతి తెలిసిపోయినట్టే.

పని అయ్యాక మిగిలిన ఆల్జినేట్, కాల్షియం నీళ్లు రెండూ ఒకే తూములో పోయకండి. అవి గొట్టం లోపల కలుసుకుని, వేడినీళ్లు పోసినా కరగని జెల్ కడతాయి. బకెట్‌లో రెండూ కలిపి గడ్డకట్టించి చెత్తలో వేయండి. రాగి ముత్యాలైతే తడిచెత్తలో కాదు, కాలేజీలో రసాయన వ్యర్థాలు వేసే డబ్బాలో.